పొలిమేర దాటిన గంప

మా ఊరి సచివాలయంలో బర్డ్ ఫ్లూ మీద సమావేశం జరిగిన రోజు దివాకర్ తెల్ల సూటు తొడుక్కున్నాడు. జబ్బు కోళ్లను ముట్టుకునేవాళ్లు, ఆ జబ్బు తగిలిన మనుషులను చూసేవాళ్లు వేసుకునే సూటు అది. తల నుంచి కాళ్ల దాకా ఒకే సంచిలా ఉంటుంది. మా ఎర్రగుట్టపల్లెకు పైనుంచి వచ్చింది ఒక్కటే. దాన్ని ఎలా వేసుకోవాలో, ఎలా విప్పాలో చూపిద్దామని ఆశా కార్యకర్త హేమావతి మడత విప్పుతుంటే దివాకర్ ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ఊరికి ఏది కొత్తగా వచ్చినా ముందు తన ఒంటి మీదికి రావాలని ఆయన అభిప్రాయం. పొట్ట దగ్గర జిప్పు పడలేదు. పడకపోయినా అధికారి పక్కన నిలబడి ఫొటో దిగాడు. తర్వాత ఆ సూటును ఇంటికి తీసుకుపోయాడు. చేనికి మందు కొట్టేటప్పుడు పనికొస్తుందట.

"అన్ని విధాలా సిద్ధంగా ఉన్నాం" అని అధికారి కాగితం చూసి చదివాడు. మా చేత సంతకాలు పెట్టించుకుని జీపెక్కాడు. ఏ విధాలా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పింది హేమావతి ఒక్కతే.

"కోళ్లు సస్తాంటే ఒట్టి చేతులతో ముట్టుకోవద్దండి. ఈకలు పీకొద్దండి. రెట్ట తొక్కిన చెప్పులతో ఇంకో ఇంటికి పోవద్దండి. ముట్టుకున్నోళ్లకు పది దినాల్లో జొరమొస్తే నాకు చెప్పండి. రెండు దినాల లోపల మాత్ర పడితే బాగా పని చేస్తాది. దాస్తే మనిషి పోతాడు."

"కోడికి జలుబు చేస్తే మనిషికి మాత్రంట!" అన్నాడు దివాకర్. "మా యమ్మ యాభై ఏండ్లు కోళ్లు సాకింది. ఎప్పుడన్నా తుమ్మిందా మే?"

అందరూ నవ్వారు. దివాకర్ నవ్వితే మా ఊళ్లో ఆ నవ్వు ఆవలింతలాగా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. నాకూ పాకింది. నవ్వు అయ్యాక ఆయన షెడ్డు కోళ్లతో చేయించిన పకోడి పొట్లాలు పంచారు. శనివారం కాబట్టి నేను తినలేదు. నేను ఆ రోజు చేసిన మంచిపని అదొక్కటే.

దివాకర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. భుజం మీద పార్టీ కండువా ఎప్పుడూ ఉంటుంది. ఏ పార్టీది అనేది ఆ ఏడాదిని బట్టి ఉంటుంది. ఊరి చివర ఆయనకు నాలుగు వేల కోళ్ల షెడ్డు ఉంది. పిల్లలనూ మేతనూ కంపెనీవాళ్లు ఇస్తారు, నలభై రోజులకు లారీ తెచ్చి ఎత్తుకుపోతారు. నా సంగతి అంటే, పెద్దమ్మ గుడిలో దీపం పెట్టే పని మా నాయన తర్వాత నాకు వచ్చింది. మూడెకరాల శనక్కాయ చేను ఉంది. వాన వస్తే పండుతుంది.

సమావేశం జరిగి రెండు వారాలు కాలేదు, ఊళ్లో కోళ్లు చావడం మొదలైంది. నా భార్య సరళ ఆరు పెట్టలు పెంచేది. ఒక తెల్లవారుజామున గంప ఎత్తి చూస్తే రెండు కదల్లేదు. మిగతావి మెడలు వాల్చి నిలబడ్డాయి. నెత్తిమీది జుట్టు ఎర్రదనం పోయి నీలంగా తిరిగింది. మధ్యాహ్నానికి అవీ పోయాయి. అదే రోజు ఇంకో పది ఇళ్లలో ఇదే సంగతి.

పశువుల సహాయకుడు సందీప్ వచ్చాడు. మోటారుసైకిలు దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, దూరం నుంచే చూసి, ఫోనులో ఏదో నొక్కాడు.

"కొక్కెర రోగమే. ఎండలు ముదిరే ముందర ఏటా వచ్చేదే కదా."

"కోడిని చేతిలోకి తీసుకోకనే ఎట్ల చెప్తావప్పా?" అంది హేమావతి. "శాంపిలు తీసి పంపించు."

సందీప్ ఆమెను చూడలేదు, దివాకర్‌ను చూశాడు. జీతం ఇచ్చేది ప్రభుత్వమే అయినా వాడికి ఎవరిని చూడాలో తెలుసు.

"శాంపిలు భోపాలు ల్యాబుకు పోతాది," అన్నాడు దివాకర్. "ఆడుండేవాళ్లు ఏదో పేరు పెట్టి పంపిస్తారు. అప్పుడు కిలోమీటరు లోపల ఉండే కోడినల్లా గుంత తీసి పూడుస్తారు. నా షెడ్డు అరకిలోమీటరు కూడా లేదు. వచ్చే బుధవారం కాదు, ఆపై బుధవారం లారీ వస్తాది. అంతవరకూ ఎవురూ నోరు తెరవగూడదు. అయినా ఇది మాత్రలకు పోయే రోగమా? అమ్మకు కోపమొచ్చింది. గంప సాగనంపండి."

గుడికి పిడికెడు వత్తులు ఇవ్వని మనిషికి అమ్మ కోపం సంగతి ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని పైకి అనలేదు. అనకపోవడంలో నాకు చాలా ఏళ్ల అనుభవం ఉంది.

కోళ్లకు తెగులు వస్తే మా పక్క గంప సాగనంపుతారు. కొత్త వెదురుగంపలో వేపాకు పరిచి ఇంటింటికీ తిప్పుతారు. తెగులు తగిలిన ప్రతి ఇల్లూ చచ్చిన కోడి ఈకలు పిడికెడు, పసుపు, కుంకుమ, ఇంత పెరుగన్నం అందులో వేస్తుంది. పైన బతికున్న పెట్టను ఒకదాన్ని కాళ్లు కట్టి కూర్చోబెడతారు. పొద్దు గూకే వేళకు పక్క ఊరి పొలిమేర రాయి మీద దించి, వెనక్కి తిరిగి చూడకుండా వస్తారు. ఆ ఊరివాళ్లు అందులో తమ ఇళ్ల ఈకలు కూడా వేసి తర్వాతి ఊరి రాయి మీద దించుతారు. అలా ఊరూరూ దాటి అమ్మ వెళ్లిపోతుందని నమ్మకం.

మోసినవాడు, ముందు సాంబ్రాణి పట్టుకుని నడిచినవాడు కర్పూరం మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయాలి. గంపలో ఏముందో, ఎక్కడ దించారో మూడు మంగళవారాలు గడిచేదాకా చెప్పకూడదు. చెబితే పంపించింది చెప్పినవాడి ఇంటికే తిరిగి వస్తుంది.

సాంబ్రాణి పట్టుకునేది నేను. మోసేది నల్లప్ప.

నల్లప్పకు పాతిక గొర్రెలున్నాయి. కోళ్లు లేవు. ఊళ్లో ఎవరూ చేయని పనులన్నీ ఆయనకే వస్తాయి. కుక్క చచ్చినా, పందిని తరమాలన్నా, బావిలో ఏదైనా పడినా "నల్లప్పను పిలువు" అంటారు. పని అయ్యాక దూరంగా నిలబడి నీళ్లు పోస్తారు, నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. ఆ నవ్వు చూసి ఆయనకు బాధ లేదనుకోవడం మాకు సులువు.

గంప తిప్పడానికి దివాకర్ మంగళవారం పెట్టాడు. ఆ రోజు హేమావతికి పెనుకొండలో శిక్షణ ఉంది. వచ్చే బర్డ్ ఫ్లూను ఎలా ఎదుర్కోవాలనే శిక్షణ.

నల్లప్ప గంపను నెత్తిన పెట్టుకుని ప్రతి గడప ముందూ దించాడు. ఆడవాళ్లు చచ్చిన కోళ్లను తోక పట్టుకుని విసిరితే, ఆయనే ఒట్టి చేతులతో ఈకలు పీకి గంపలో వేశాడు. ముక్కు దురద పెడితే అదే చేత్తో రుద్దుకున్నాడు.

"ఏం నల్లప్పా, ఇన్ని కోళ్లు పీకినావు, మాంసం యాడ దాస్తాండావు?" అన్నాడు ఒకడు.

"నీ పెండ్లికి దాస్తాండా లేప్పా. నీకు పిల్లనిచ్చేటోడు దొరికేతలికి ఎండిపోకుంటే సాలు," అన్నాడు నల్లప్ప.

పదిహేను ఇళ్లు తిరిగాక ఊరి చివరికి వచ్చాం. దివాకర్ షెడ్డు గేటు తీసి నిలబడ్డాడు.

"గంపను లోపలికి తీసుకురా. నా కోళ్ల మీద మూడుసార్లు తిప్పి, అప్పుడు ఎత్తుకుపో. మీ ఇండ్లల్లో నాలుగైదు కోళ్లు, నాకు నాలుగు వేలు. అమ్మ సూపు ముందు నా మీద పడాల."

ఆయన షెడ్డులోకి మామూలుగా ఎవరినీ రానివ్వడు. గడప దగ్గర సున్నం చల్లి ఉంటుంది. కంపెనీ సూపర్‌వైజరు కూడా చెప్పులు విప్పి, కాళ్లు మందునీళ్లలో ముంచి లోపలికి పోవాలి. ఆ రోజు మాత్రం నల్లప్ప పదిహేను వాకిళ్ల రెట్ట తొక్కిన చెప్పులతో, నెత్తిన పదిహేను ఇళ్ల చావుతో ఆ సున్నం దాటి లోపలికి నడిచాడు. తెల్లటి కోళ్లు దారి ఇచ్చి, మళ్లీ కాళ్ల చుట్టూ మూగాయి. గంప తిప్పుతుంటే ఈకలు రాలాయి. నేను ముందు నడుస్తూ సాంబ్రాణి ఊదాను. దివాకర్ కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. మనిషి అంత భక్తిగా తన కొంప తానే ముంచుకోవడం నేను మళ్లీ చూడలేదు. ఆ వేళ నాకది తెలియలేదు. భక్తి కుదిరిందనే అనుకున్నాను.

గుడి ముందు కర్పూరం వెలిగించి, ఇద్దరం చెయ్యి పెట్టి ఒట్టు వేశాం. సున్నపుకుంట పొలిమేర రాయి మీద గంప దించాం. పెట్ట కాళ్లు కొట్టుకుంటోంది. వెనక్కి చూడకుండా తిరిగి వస్తున్నప్పుడు నల్లప్పను అడిగాను.

"ఈ రాయి పాతింది మనవాళ్లే కదా నల్లప్పా. అమ్మకు దీంతో ఏం పని? సున్నపుకుంటోళ్లు ఆ తల్లికి బిడ్డలు గాదా?"

"అది నన్నడుగుతావేందన్నా? దీపం పెట్టేది నువ్వు," అన్నాడు.

శుక్రవారం దివాకర్ షెడ్డులో ఇరవై కోళ్లు చచ్చాయి. శనివారం నూట యాభై. ఆదివారం లెక్క తప్పింది. అమ్మ చూపు తన మీద ముందు పడాలని కోరుకున్నాడు, ముందు పడింది. చచ్చినవాటిని సంచుల్లో కట్టి వంకలో పారేయడానికి మళ్లీ నల్లప్పనే పిలిచాడు. మూడు రోజులు ఆయన గొర్రెలను భార్య రామాంజినమ్మకు అప్పగించి ఆ షెడ్డులోనే ఉన్నాడు. వంకలో కుక్కలు, కాకులు పండగ చేసుకున్నాయి. తెల్ల సూటు దివాకర్ ఇంట్లో కొక్కేనికి వేలాడుతూనే ఉంది. అది గుర్తొచ్చినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

ఆదివారం సాయంత్రం నల్లప్పకు జ్వరం వచ్చింది. సోమవారం పొద్దున హేమావతి ఆయనను ఆటోలో సోమందేపల్లెలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. రామాంజినమ్మ రమ్మంటే నేనూ ఎక్కాను. మేం పోయేసరికి దివాకర్ అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన అంత తొందరగా ఏ రోగినీ పరామర్శించినట్టు ఊళ్లో ఎవరికీ జ్ఞాపకం లేదు.

డాక్టరమ్మ చిన్న వయసామె. గొంతు చూసింది, వేలికి యంత్రం పెట్టి చూసింది, ముఖం చిట్లించింది.

"నల్లప్పా, ఈ వారం పది రోజుల్లో జబ్బు కోళ్లనుగానీ, చచ్చిన కోళ్లనుగానీ ముట్టుకున్నావా?"

నల్లప్ప నన్ను చూశాడు.

"నాకు గొర్లే గానీ కోళ్లు లేవమ్మా," అన్నాడు.

"మా ఊళ్లో కోళ్లు సచ్చినాయి మేడం," అంది హేమావతి. "నేను లేనప్పుడు గంప తిరిగిందని ఒకరిద్దరు అంటాండారు. అడిగితే ఎవురూ చెప్పరు."

"యాడి గంప?" అన్నాడు దివాకర్. "కొక్కెర రోగమని సందీపు రాసినాడు. ఈయప్ప గొర్లెంబడి ఎండలో తిరిగి జొరం తెచ్చుకున్నాడు. సూదేసి పంపించండి మేడం."

డాక్టరమ్మ మా అందరినీ వరసగా చూసింది.

"కోళ్లతో సంబంధం ఉందని తెలిస్తే ఇప్పుడే గొంతులోంచి శాంపిల్ తీసి, దీనికిచ్చే మాత్ర వేసి, అనంతపురం పంపిస్తాను. లేదంటే దీన్ని మామూలు జ్వరంగానే చూడాలి. ఎవరికైనా ఏమైనా తెలిస్తే చెప్పండి. ఇప్పుడు దాచి తర్వాత ఏడిస్తే నా దగ్గర మందు లేదు."

రామాంజినమ్మ నన్ను వాకిట్లోకి లాక్కుపోయింది.

"అన్నా, నువ్వు చెప్పు. నేను చెప్తే ఆయప్ప ఒట్టు నా నోటితో తెగుతాది. మా ఇంటికే తగుల్తాది. నువ్వు దేవుని మనిషివి, నీకేం గాదు. నీ కాళ్లు మొక్కుతా."

మా ఇంట్లో తొమ్మిదో నెల గర్భంతో కోడలుంది. చెబితే తిరిగి వచ్చేది ఎవరి మీదికో నాకు తెలుసు, తెలుసనుకున్నాను. లోపలికి వచ్చి గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది. ఆ నెలలో ఏకాదశి ఎప్పుడో కనుక్కున్నాను తప్ప నోరు తెరవలేదు.

జ్వరం బిళ్లలిచ్చింది. ఊపిరి కష్టమైతే ఏ వేళయినా ఫోను చెయ్యమని హేమావతికి గట్టిగా చెప్పింది. బయటికి వస్తుంటే దివాకర్ నా భుజం తట్టాడు.

"భక్తుడంటే నువ్వప్పా మద్దిలేటీ. మాట మీద నిలబడినావు."

నా జీవితంలో నాకు దొరికిన మెప్పుల్లో అంత రోతగా అనిపించింది ఇంకొకటి లేదు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని గుడికి బయల్దేరుతుంటే సరళ నూనెగిన్నె నా చేతికివ్వకుండా వెనక్కి పెట్టింది.

"ఆడ నువ్వు నోరు తెరవలేదని రామాంజినమ్మ చెప్పింది. యాడికి పోతాండావు?"

"దీపం పెట్టాల గదా."

"ఆడ ఒక మనిషి జొరంతో కాలిపోతాంటే, తెలిసిన మాట కడుపులో పెట్టుకోని వచ్చినావు. ఈడ దీపం పెడితే ఆయమ్మకు నీ మొగం బాగా కనపడతాది. అంతే ఒరిగేది."

"ఇంట్లో కోడలు ఉండాది కదా సరళా. ఒట్టు తిరిగొస్తే?"

"తిరిగొచ్చేదేంది? మన ఇంట్లో ఆరు కోళ్లు సచ్చినాయి, నీ కోడలే ఎత్తి పారేసింది. అది యాడికన్నా పోయుంటే కదా తిరిగొచ్చేది? ఆ దివాకరుగాడు దుడ్ల కోసం దాస్తాండాడు. వానికి ఒక కారణముండాది. నీకేముండాది? భయం. దానికి భక్తని పేరు పెట్టుకున్నావు."

ముప్పై ఏళ్లుగా ఆమె నన్ను తిడుతోంది. ఎక్కువసార్లు అది కూరగాయల గురించి. ఈసారి దీపం మర్నాటికి వాయిదా వేసి వాకిట్లో కూర్చున్నాను. అమ్మకు కోపం వస్తుందా అని ఆలోచించాను. వచ్చినా, మోసినవాడి మీద ఎందుకు రావాలి? తిప్పమన్నవాడి మీద రావాలి, ఊదినవాడి మీద రావాలి. అంత చిన్న న్యాయం కూడా తెలియని తల్లికి నేను ఇన్నేళ్లు దీపం పెడుతున్నానా? లేక ఆ తల్లికి అన్నీ తెలిసి, మాట్లాడాల్సిన వాడి నోరు ఎప్పుడు పెగలుతుందా అని చూస్తోందా?

మంగళవారం తెల్లవారాక నల్లప్ప ఇంటి ముందు జనం మూగారు. నల్లప్ప నులకమంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, చేపలాగా నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. పెదవులు రంగు మారాయి. ఆ రంగు నేను సరళ కోళ్ల నెత్తి మీద చూశాను. హేమావతి 108కు ఫోను చేసి, డాక్టరమ్మతో మాట్లాడుతోంది. దివాకర్ ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"జొరానికి అనంతపురమేంటికి మే? రేపు లారీ వస్తాదని తెలిసే యవ్వారం చేస్తాండావా? వీనికి ముందునుంచే ఆయాసముండాది. బీడీల ఆయాసం."

"ఫోను ఇట్లియ్యి," అన్నాను హేమావతితో.

ఫోనులో చెప్పినా, ఊరందరికీ వినపడేటట్టు చెప్పాను. పోయిన మంగళవారం పదిహేను ఇళ్లలో చచ్చిన కోళ్ల ఈకలు నల్లప్ప ఒట్టి చేతులతో పీకాడని, గంపను సున్నపుకుంట రాయి మీద దించామని, అంతకుముందు దివాకర్ షెడ్డులో మూడుసార్లు తిప్పామని, శుక్రవారం నుంచి ఆ షెడ్డులో చచ్చిన కోళ్లను నల్లప్పే మోశాడని, ముందు నడిచింది నేనని చెప్పాను. నిన్ననే చెప్పాల్సిందని కూడా చెప్పాను.

"ఎందుకైనా మంచిదని నిన్న ఆ మాత్ర హేమావతి దగ్గర రెండు ఉంచాను. ఇప్పుడే ఒకటి వెయ్యమనండి. అందరూ మూతికి గుడ్డ కట్టుకుని దూరం జరగండి. ఆయనను మోసేవాళ్లు, ఆయన భార్య, మీరు, షెడ్డులో పని చేసినవాళ్లు, అందరి పేర్లూ రాయించండి. నేను వస్తున్నాను," అంది డాక్టరమ్మ. నన్ను తిట్టలేదు. తిట్టడానికి ఆమెకు తీరిక లేదు.

జనం నా దగ్గర నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగారు. జబ్బుకు భయపడి కాదు, నేను ఒట్టు తప్పినందుకు.

"అమ్మ నిన్ను ఊరకే ఇడస్తాదనుకున్నావా?" అన్నాడు దివాకర్. ముఖం నల్లబడింది. "నా షెడ్డును ముంచినావు కదరా!"

"నీ షెడ్డును ముంచింది నేను గాదప్పా. సున్నం దాటించి లోపలికి పిలుచుకున్నది నువ్వు. నా తప్పేమన్నా ఉంటే, నీ మాట విని సాంబ్రాణి ఊదడం."

ఎవరో నవ్వారు. మా ఊళ్లో దివాకర్ కంటే ముందు ఇంకొకరు నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి నల్లప్పను అనంతపురం తీసుకుపోయారు. సందీప్ ఈసారి మోటారుసైకిలు దిగాడు. పైఅధికారులు వచ్చారు, షెడ్డు చుట్టూ తాళ్లు కట్టారు, లారీని హైవే మీదే ఆపేశారు. నిండా తెల్ల సూట్లు వేసుకున్న మనుషులు మిగిలిన కోళ్లను గుంతలో పూడ్చి సున్నం చల్లారు. దివాకర్ దూరంగా నిలబడి నష్టపరిహారం ఎంతిస్తారని అడుగుతూ ఉన్నాడు. మనిషి ఎలా ఉన్నాడని ఎవరినీ అడగలేదు.

గంప ఎక్కడెక్కడికి పోయిందో కనిపెట్టాలని డాక్టరమ్మ నన్ను జీపులో కూర్చోబెట్టుకుంది. సున్నపుకుంటలో మగవాళ్లంతా తల అడ్డంగా ఊపారు. గంపా, ఏ గంపా, మేం చూడనే లేదు. సోమవారం డాక్టరమ్మ ముందు నేను చేసిందీ అదే, అందుకని వాళ్లను చూస్తే నాకు కోపం రాలేదు, నా మీద నాకే అసహ్యం వేసింది. చెన్నమ్మ అనే ఆమె మాత్రం కొంగు బిగించి జీపు దగ్గరికి వచ్చింది.

"మీ ఊరి పీడను మా రాయి మీద దించి, ఇప్పుడు మందుల జీపులో ఊరేగతా వచ్చినావా అన్నా? సిగ్గుండాదా నీకు?"

"ఉండింటే ఆ పొద్దే వచ్చుంటా తల్లీ. నా తిట్లు తర్వాత తిట్టు. గంప ఏమైందో చెప్పు. ఆడ ఒక మనిషి సావుబతుకుల్లో ఉండాడు."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది.

"మర్నాడు సందకాడ మావోళ్లు కొండప్ప చేని పక్కన అవతలి ఊరి రాయి మీద పెట్టి వచ్చినారు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒట్టి గంప పెట్టినారు. పెట్టను నేను ఇప్పుకున్నా. గుడ్లు పెట్టే పెట్టప్పా అది, కాళ్లు కట్టి ఎండలో పడేస్తే సూడబుద్ధి కాలేదు. మూడు దినాలకు సచ్చిపాయ. నిన్నటి నుంచి నాకూ ఒళ్లు కాలతాండాది."

డాక్టరమ్మ వెంటనే ఆమె గొంతులోంచి శాంపిల్ తీసింది, మాత్ర వేసింది, ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టించింది. జ్వరం వచ్చి ఒక రోజే అయింది కాబట్టి చెన్నమ్మకు మూడో రోజుకే తగ్గిపోయింది. గంప ఇంకా రెండు ఊళ్లు దాటి, ఒక వంతెన కింద దొరికింది. దారిలో ఉన్న ప్రతి ఊళ్లో జ్వరాల లెక్క రాసుకున్నారు. పది రోజులు ఇంటింటికీ తిరిగారు. ఇంకెవరికీ రాలేదు.

నల్లప్పకు కోళ్ల నుంచే వచ్చిందని తేలింది. ఇరవై ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అందులో పదకొండు రోజులు గొంతులో గొట్టం పెట్టారు. ఆయన బతుకుతాడని డాక్టర్లు కూడా అనుకోలేదట.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు చూడటానికి పోయాను. రామాంజినమ్మ గొర్రెలను తోలుకుని బయటికి వస్తూ ఎదురైంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నల్లప్ప మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. సగానికి సగమైపోయాడు. మంచం నుంచి గడప దాకా నడిస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఆ ఊపిరితో ఇక గొర్రెల వెంట గుట్ట ఎక్కలేడు. సోమవారమే మాత్ర పడి ఉంటే ఊపిరితిత్తులు ఇంతగా చెడేవి కాదేమో అని డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది. ఆ మాట ఆయనతో అనాలని పోయాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేల చూస్తూ కూర్చున్నాను.

ఆయనే మాట్లాడాడు. రెండు మాటలకు ఒకసారి ఆగుతూ మాట్లాడాడు.

"అన్నా, నువ్వు ఒట్టు తప్పినావంట కదా."

"తప్పినాను నల్లప్పా."

"మీ ఇంట్లో అందరూ బాగుండారా?"

"బాగుండారు."

"కోడలు?"

"పోయిన వారం కానుపైంది. ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు."

ఆయన గోడకు తల ఆనించి నన్ను చూశాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, నవ్వలేదు.

"అట్లయితే సోమవారమే చెప్పుంటే ఏం పోయేదన్నా?" అన్నాడు.